ఫార్మాట్ వద్దన్నాను

ఆషాఢం చివరి రోజులంటే మాకు ఊపిరాడని కాలం. శ్రావణం ముహూర్తాల శుభలేఖలన్నీ అప్పుడే కంపోజింగుకు వస్తాయి. సరిగ్గా ఆ సమయంలోనే, రాంనగర్‌లో ఒక సాయంత్రం కరెంటు రెండుసార్లు పోయి వచ్చాక, నా కంప్యూటర్ నోరు మూసుకుంది. బటన్ నొక్కితే ఫ్యాను ఒక చుట్టు తిరిగి ఆగడమే. పక్క రేకు తీసి టార్చి వేసి చూస్తే, ప్రాసెసర్ పక్కన మదర్‌బోర్డు మీద గోధుమరంగు మచ్చ, కాలిన వాసన.

లష్కర్ బోనాలు కాబట్టి ఆది, సోమవారాలు సికింద్రాబాద్ వైపు వెళ్లే ఆలోచన పెట్టుకోలేదు. మంగళవారం సీపీయూను ఆటోలో ఒళ్లో పెట్టుకుని పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాను. షాపు అబ్బాయి మొదట హెచ్110 బోర్డు తెచ్చాడు. నాది ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్. సాకెట్ సంఖ్య రెండింటికీ 1151 కాబట్టి ప్రాసెసర్ అందులో చక్కగా కూర్చుంటుంది, కానీ పనిచేయదు. దానికి బోర్డు మీద 300 వరుస చిప్‌సెట్, అంటే ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్పు, ఉండాలి. వెతికి వెతికి ఆ వరుసలోదే, వాడిన హెచ్310 బోర్డు ఒకటి తీశాడు, మూడున్నర వేలు.

బిగిస్తూ, "బోర్డు మారింది కదా మేడమ్, ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ వేసేస్తాను, ఐదు వందలు" అన్నాడు.

అతని మాటలో తప్పు లేదు, కాకపోతే అది పాత విండోస్ ఎక్స్‌పీ నాటి మాట. అప్పట్లో బూట్ అయ్యేటప్పుడు పాత బోర్డులో డిస్కును నడిపే కంట్రోలర్ డ్రైవర్ (దానికి సంబంధించిన చిన్న ప్రోగ్రామ్) తప్ప విండోస్‌కు మరొకటి తెలిసేది కాదు. బోర్డు మారితే నీలితెర వచ్చేది. విండోస్ 10 అలా కాదు, మామూలు కంట్రోలర్ల డ్రైవర్లు తనతోనే ఉంచుకుంటుంది, కొత్త బోర్డు కనబడితే పరికరాలను మళ్లీ గుర్తుపడుతుంది. పైగా నా డిస్కులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్, "అను" అనే తెలుగు ఫాంట్లు, చేతికి అలవాటైన కీబోర్డు అమరిక ఉన్నాయి. ఫార్మాట్ చేస్తే అవన్నీ చెరిగిపోతాయి. వాటి సీడీలు ఏ అట్టపెట్టెలో ఉన్నాయో ఆ దేవుడికే తెలియాలి. ఫైళ్లకు ఎలాగూ వేరే డిస్కులో నకలు ఉంది. అందుకే వద్దన్నాను.

ఆన్ చేస్తే, బూట్ చేసే డిస్కే లేదని నల్లతెర మీద సందేశం. అబ్బాయి నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. చెడిపోయిన శుభలేఖ వెనక మా తమ్ముడు ముందురోజు ఫోనులో చెప్పి రాయించిన చీటీ తీశాను: "డిస్క్ కనబడకపోతే సీఎస్ఎమ్ ఆన్ చేయించు." పాత పద్ధతి డిస్కులతోనూ బూట్ అయ్యేలా బోర్డు సెటప్‌లో ఉండే మీట అది. నా విండోస్ ఒకప్పటి పాత మెషీనులో 7గా వేసినది, తర్వాత 10గా మారినది. డిస్కు విభజన ఇంకా ఎంబీఆర్ అనే పాత పద్ధతిలోనే ఉంది. కొత్త బోర్డు యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి తప్ప మరొకటి చూడనని మొరాయించింది. సెటప్‌లో ఆ ఒక్క మీట మార్చగానే "పరికరాలు సిద్ధమవుతున్నాయి" అంటూ వచ్చి, ఒకసారి తనంతట తానే రీస్టార్ట్ అయి, నా డెస్క్‌టాప్ నిలబడింది.

ఇంటికొచ్చాక ఇంటర్నెట్ రాలేదు. నెట్‌వర్క్ డ్రైవర్ లేదు మరి. ఫోనును కేబుల్‌తో కలిపి, దాని నెట్‌తోనే డ్రైవర్ దించుకున్నాను. తర్వాత తెర మూలన "యాక్టివేట్ చేయండి" అనే మసక అక్షరాలు. విండోస్ డిజిటల్ లైసెన్సు బోర్డును గుర్తుపెట్టుకుంటుంది, బోర్డు పోతే అదీ పోయినట్టే కనబడుతుంది. అదృష్టవశాత్తు నా లైసెన్సును మైక్రోసాఫ్ట్ ఖాతాకు ఎప్పుడో ముడివేసి ఉన్నాను. ట్రబుల్‌షూటర్‌లో "ఇటీవల హార్డ్‌వేర్ మార్చాను" అని ఎంచుకుంటే సరిపోయింది. కంపెనీ మెషీనుతోపాటు వచ్చిన ఓఈఎమ్ లైసెన్సులకు ఈ సౌకర్యాన్ని నమ్ముకోలేము.

మా అక్క కూతురి ల్యాప్‌టాప్‌కు మాత్రం వేరే కథ. బోర్డు మార్చి ఇచ్చాక అది, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ తాలూకు 48 అంకెల రికవరీ సంఖ్య అడిగింది. రోజూ తనంతట తానే తెరిచే తాళంచెవి టీపీఎమ్ అనే భద్రతా భాగంలో ఉండి, పాత బోర్డుతోనే వెళ్లిపోయింది. బోర్డు విప్పక ముందే ఆ అంకెలు రాసి పెట్టుకోవాలని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసిందని తెలుసు. 11కు వెళ్లాలంటే డిస్కును యూఈఎఫ్ఐకి తగిన జీపీటీ పద్ధతికి మార్చి, సీఎస్ఎమ్ ఆపాలి. ముహూర్తాలు అయ్యాక చూస్తాను.

ఫైలు తెరుస్తుండగానే పెళ్లివారి ఫోను. పెళ్లికొడుకు తాతగారి పేరు ముందు "కీ.శే." పడిందట, ఆయన నిక్షేపంగా ఉన్నారట. ముందు అది తీసేశాను.