23 మ్యాచ్‌లు, 4 గోల్స్

ఆదివారం. ఎక్కడికీ వెళ్లే పని లేదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ పాత ఆటగాళ్ల పట్టికలతోనే పొద్దు గడిచింది. పేరుమోసినవాళ్ల గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నాకు కావలసింది రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మూడో డివిజన్‌లో రెండు మూడు సీజన్లు ఆడి, ఆ తర్వాత పట్టికల్లో కనబడకుండా పోయినవాళ్లు. "1946–48, 23 మ్యాచ్‌లు, 4 గోల్స్" అన్న ధోరణిలో ఒక్కొక్కరికి ఒక్కో వరుస ఉంటుంది. చూడగానే అంతంతమాత్రం ఆటగాడు అనుకుంటాం. అది అన్యాయం. ఆ వరుసలోకి ఎక్కనిది ఎంతో తెలిస్తేగానీ ఆ మనిషి ఎంత ఆడాడో తెలియదు.

ముందు వయసు లెక్క వేసుకోవాలి. 1939లో 19 ఏళ్ల కుర్రాడు, 1946 ఆగస్టు 31న లీగ్ మళ్లీ మొదలయ్యేసరికి 26లో పడ్డాడు. 1939–40 సీజన్ సెప్టెంబరు మొదట్లోనే ఆగిపోయింది. మొదటి డివిజన్ జట్లు అప్పటికి ఆడినవి మూడేసి మ్యాచ్‌లు. వాటిని అధికారిక లెక్కల్లోంచి కొట్టేశారు. ఆ వారంలోనే తొలి మ్యాచ్ ఆడినవాడికి అది ఆడనట్టే. యుద్ధం నడిచినన్నాళ్లూ సైనికులు తమ శిబిరానికి దగ్గర్లో ఉన్న క్లబ్బుకు అతిథులుగా ఆడేవాళ్లు. ఆల్డర్‌షాట్ సైన్యం ఉండే ఊరు కాబట్టి, అక్కడి మూడో డివిజన్ క్లబ్బు తరఫున కల్లిస్, బ్రిట్టన్, మెర్సర్ లాంటి ఇంగ్లండ్ ఆటగాళ్లు కూడా ఆడారు. ఆ మ్యాచ్‌లేవీ లీగ్ లెక్కలోకి రావు. అంటే మన ఆటగాడు ఆరేళ్లు వారం వారం ఆడివున్నా పట్టికలో ఖాళీయే.

1945–46 దగ్గర ఇంకో చిక్కుంది. ఆ ఏడాది ప్రాంతాలవారీగా జరిగిన లీగ్‌లు లెక్కలోకి రావు, ఓడినవాళ్లు ఇంటికే అన్న పద్ధతిలో సాగే ఎఫ్.ఎ. కప్ మాత్రం వస్తుంది. పైగా ఆ ఒక్క ఏడాదే కప్‌లో సెమీఫైనల్ ముందు వరకూ ప్రతి రౌండూ రెండేసి మ్యాచ్‌లు, రెండిటి గోల్సూ కలిపి చూసేవాళ్లు. ఒకడి పేరు పక్కన నాలుగు కప్ మ్యాచ్‌లు కనబడితే వాడి జట్టు నాలుగు రౌండ్లు దాటిందని కాదు. చార్ల్‌టన్ ఫుల్‌హామ్‌తో ఒక మ్యాచ్ ఓడి కూడా ఫైనల్ దాకా వెళ్లింది.

ఆటగాడి బతుకును శాసించింది మాత్రం ఒప్పందమే. 1947 నుంచి జీతానికి పైహద్దు సీజన్‌లో వారానికి 12 పౌండ్లు, వేసవిలో 10. గెలిస్తే 2 పౌండ్లు, డ్రా అయితే ఒకటి అదనం. మూడో డివిజన్‌లో ఆ పైహద్దు అందరికీ ముట్టేది కాదు. ఒప్పందం ఏడాదికే. సీజన్ ముగిశాక క్లబ్బు ఒక జాబితా విడుదల చేసేది: ఎవరిని అట్టిపెట్టుకుంటుంది, ఎవరిని ఇంత ధరకు అమ్మజూపుతుంది, ఎవరిని ఊరికే వదిలేస్తుంది అని. ఊరికే వదిలేసినవాడిది ఒకరకంగా అదృష్టం. ధర కట్టినవాడి పరిస్థితి అన్నిటికన్నా ఘోరం. పాత క్లబ్బు జీతం ఇవ్వదు, ధర ఎక్కువని కొత్త క్లబ్బు కొనదు, అయినా అతని రిజిస్ట్రేషన్, అంటే లీగ్‌లో ఆడే హక్కు, పాత క్లబ్బు చేతిలోనే ఉంటుంది. ఇలా కట్టిపడెయ్యడం తప్పని కోర్టు తేల్చేసరికి 1963 వచ్చింది. అది జార్జ్ ఈస్టమ్ అనే ఆటగాడు వేసిన కేసు. మన 1946 ఆటగాడికి అప్పటికి 43 ఏళ్లు.

ఇది చదువుతున్నంతసేపూ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గుర్తుకొస్తూనే ఉంది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ శిక్షణలో 1950 నుంచి వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచిన జట్టు అది. పోలీసు శాఖ జట్టు కాబట్టి ఆటతో పాటు కొలువూ ఉండేది.

ఇక దెబ్బలు. 1965 దాకా లీగ్‌లో మారు ఆటగాడే లేడు. మోకాలు పట్టేస్తే వింగ్ మీదికి, అంటే మైదానం అంచుకు, నెట్టి, కుంటుతూనే మ్యాచ్ ముగించమనేవాళ్లు. మోకాలి కీలులో ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ కాస్త చిరిగినా ఆ రోజుల్లో మొత్తం తీసేసేవాళ్లు. అది లేని మోకాలిలో ఎముకల చివర ఉండే మృదులాస్థి మీద భారం పెరుగుతుంది, కీలు తొందరగా అరుగుతుంది. చాలా వరుసలు 28, 29 ఏళ్ల దగ్గర తెగిపోవడానికి ఇదొక కారణం. మైదానంలో తగిలిన గాయం ఎంత దూరం పోగలదో డెరెక్ డూలీని చూస్తే తెలుస్తుంది. 1953 ఫిబ్రవరి 14న ప్రెస్టన్‌లో అతని కాలు విరిగింది, గాయం గ్యాంగ్రీన్ అయింది, చివరికి కాలే తీసేశారు. ముందటి సీజన్‌లో షెఫీల్డ్ వెన్స్‌డేకి 30 లీగ్ మ్యాచ్‌ల్లో 46 గోల్స్ కొట్టినవాడు!

అయితే వరుస ఆగిన ప్రతిచోటా ఆట ఆగలేదు. ఫుట్‌బాల్ లీగ్‌లో లేని క్లబ్బులకు ఆ ధర కట్టాల్సిన పని అప్పట్లో ఉండేది కాదు. అందుకని జాబితాలో ఇరుక్కున్నవాళ్లు సదరన్ లీగ్ లాంటి చోట్లకు వెళ్లి, పగలు ఏదో ఒక పని చేసుకుంటూ ఆడేవాళ్లు. రెండు సంపాదనలూ కలిస్తే కొందరికి మునుపటికన్నా మెరుగే. 1949 జనవరి 29న మొదటి డివిజన్ జట్టు సండర్లాండ్‌ను 2–1తో కప్‌లోంచి పంపించిన యోవిల్ సదరన్ లీగ్ జట్టే. అందుకే లీగ్ లెక్క తెగినవాడి కోసం ఆ చుట్టుపక్కల ఊళ్ల పత్రికల్లో, శనివారం సాయంత్రాలు వెలువడిన ఆటల సంచికల్లో సదరన్ లీగ్ జట్ల పేర్లు చూసుకుంటూ పోవాలి. ఇంటిపేరు ఒక్కటే వేస్తారు కాబట్టి, ఆడే స్థానం కూడా సరిపోయిందో లేదో చూసుకుని మరీ రాసుకోవాలి.