పైన పటారం, లోన జింకు

మా బాత్రూమ్ పని నేను రెండుసార్లు చేయించాను. రెండోసారి ఎందుకు చేయించాల్సి వచ్చిందంటే, మొదటిసారి చాలా తెలివిగా డబ్బు మిగిల్చాననుకున్నాను కాబట్టి. అప్పుడు కొన్న వేడినీళ్లు, చన్నీళ్ల మిక్సర్ మఖమల్ గుడ్డ పరిచిన పెట్టెలో వచ్చింది, అద్దంలా మెరుస్తోంది, చూడగానే మనసు పడ్డాను. రెండేళ్లు కూడా కాలేదు, దాని వెనక చెమ్మ వస్తోందని ప్లంబర్ నట్టు బిగించబోతే మర దగ్గర పుటుక్కున విరిగింది. "ఇది ఇత్తడి కాదండీ" అని విరిగిన ముక్క చూపించాడు. పసుపు రంగు జాడే లేదు, అంతా బూడిదరంగు. జింకు మిశ్రమం పోతపోసి పైన క్రోమ్ పూత వేశారు. విరిగిన మర ముక్క గోడలోని పైపులో ఇరుక్కుపోయింది, దాన్ని తీయడానికి టైల్స్ పగలగొట్టాం, అవే టైల్స్ మళ్లీ దొరకలేదు, ఇక మిగతా కథ మీరే ఊహించుకోండి.

అందుకే ఈసారి ఏది కొన్నా ముందు ఒకటే ప్రశ్న వేసుకున్నాను: ఇది పాడైతే ఏం పగలగొట్టాలి? గోడలో ఉండిపోయే డైవర్టర్ (నీళ్లని ట్యాపుకో షవర్‌కో మళ్లించేది), పైపుల అతుకులు, యాంగిల్ వాల్వులు (గోడ దగ్గర నీళ్లు కట్టేసే చిన్న వాల్వులు), వాటి నుంచి ట్యాపుకీ ట్యాంకుకీ నీళ్లు తెచ్చే ఫ్లెక్సిబుల్ హోస్‌లు, వీటి దగ్గర పిసినారితనం వద్దనుకున్నాను. హోస్‌లను ఎవరూ పట్టించుకోరు గానీ రాత్రీపగలూ నీటి ఒత్తిడి మోసేవి అవే, ఎవరూ లేనప్పుడు పగిలితే ఇల్లంతా చెరువు అవుతుంది. అల్లిన స్టీలు తొడుగు ఉన్నవి, నట్లు ఇత్తడివి తీసుకోండి. అద్దం, షెల్ఫు, టవల్ కడ్డీ లాంటివి నాలుగు స్క్రూలు విప్పితే ఊడొచ్చేవి కాబట్టి వాటి దగ్గర ఎంత బేరమాడినా పర్లేదు.

గోడలో దాచే ఫ్లష్ ట్యాంకు చూడ్డానికి బాగుంటుంది, నాకూ ఆశ పుట్టింది. కానీ బయట ఉండే మామూలు ట్యాంకు ధర తక్కువ, మూత ఎత్తితే లోపలి సరంజామా అంతా కనిపిస్తుంది, వాల్వు ఎవరైనా మార్చగలరు. ఆశ చంపుకున్నాను.

ట్యాపుల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. ముందు చేతిలో పట్టుకుని బరువు చూడండి. ఇత్తడి జింకు కంటే బరువు, ప్లాస్టిక్ సంగతి సరేసరి. బరువొక్కటే చాలదు, మందంగా పోతపోస్తే జింకు కూడా బరువే ఉంటుంది, కాబట్టి ట్యాపు తిరగేసి నీళ్లొచ్చే కంతలోకి, మర లోపలి వైపుకి చూడండి. పూత అక్కడిదాకా సరిగా పట్టదు, అసలు లోహం రంగు బయటపడుతుంది. పసుపైతే ఇత్తడి. అయస్కాంతం పెట్టి చూడమని చెప్పేవాళ్లుంటారు, దానికి ఇత్తడీ అంటదు, జింకూ అంటదు, తేలేదేమీ లేదు. హ్యాండిల్ మాత్రం జింకుదైనా ఫర్వాలేదు, దాని మీద నీటి ఒత్తిడి ఉండదు.

తర్వాత కార్ట్రిడ్జ్, అంటే ట్యాపు లోపల ఉండి నీళ్లని ఆపే, వదిలే భాగం. పావు మలుపుతో తెరుచుకునే ట్యాపుల్లో రెండు సిరామిక్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి. మంచివైతే ఏళ్ల తరబడి చుక్క కారదు. ఒకే హ్యాండిల్ ఉన్న మిక్సర్లలో కార్ట్రిడ్జ్ ఎక్కువగా 35 లేదా 40 మిల్లీమీటర్లది ఉంటుంది. కొనేముందే సైజు అడిగి, విడిగా దొరుకుతుందో లేదో కనుక్కోండి. షాపులో ఈ ప్రశ్న అడగ్గానే వాళ్ల ముఖం చూస్తే మీకే తెలిసిపోతుంది. విడిభాగం దొరకని ఖరీదైన ట్యాపు కంటే విడిభాగం దొరికే మామూలు ట్యాపు మేలని నా అభిప్రాయం. మీ నీళ్లలో ఇసుక వస్తుంటే ఆ బిళ్లల మీద గీతలు పడతాయి. ట్యాపు బిగించకముందే పైపుల్లోంచి కాసేపు నీళ్లు వదిలేయమని ప్లంబర్‌కి గట్టిగా చెప్పండి, పని జరిగినప్పుడు పడిన మట్టీ సిమెంటూ అంతా ముందు బయటికి పోవాలి. మా రెండో మిక్సర్ విషయంలో నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని ఇదే కావచ్చు.

స్టీలు సామాన్లలో 304 రకం అడగండి. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. చవక రకాల్లో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు, తేమలో అవి త్వరగా తుప్పు పడతాయి. ఇక్కడా అయస్కాంతం పనికిరాదు, అలాంటి చవక రకమైన 202కి కూడా అది సరిగా అంటదు. వస్తువు మీద ముద్ర ఉందా, బిల్లులో రకం రాసిస్తారా అనేదే చూడాలి.

షవర్ కొనేముందు మీ నీటి ఒత్తిడి ఎంతో లెక్కేసుకోండి, చాలామంది ఇది మర్చిపోతారు. పైన ట్యాంకు నుంచి నీళ్లు దిగేట్టయితే 10 మీటర్ల ఎత్తుకి సుమారు 1 బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఒత్తిడి వస్తుంది. ట్యాంకు షవర్ కంటే 3 మీటర్లే పైన ఉంటే వచ్చేది 0.3 బార్. దానికి పళ్లెమంత వెడల్పు రెయిన్ షవర్ తగిలిస్తే వాన కాదు, తుంపర కూడా పడదు. చిన్న షవరే కొనండి, డబ్బూ మిగులుతుంది, స్నానమూ అవుతుంది.

కమోడ్, వాష్‌బేసిన్ తెల్లవి తీసుకున్నాను. రంగువైతే రేపు ఒకటి పగిలినప్పుడు అదే రంగు దొరకడం కష్టం. షాపులో ఆగిపోయిన మోడళ్లు, డిస్‌ప్లేలో పెట్టినవి, చిన్న లోపాలున్నవి ఉంటాయి, అడక్కపోతే చూపించరు. వాటిలో మంచి బేరాలున్నాయి. అయితే వేలి కణుపుతో కొట్టి చూడండి, ఖంగుమంటే సరే, మొద్దుగా పలికితే ఎక్కడో పగులుంది. చదునైన నేల మీద పెట్టి ఊపండి, ఊగితే వదిలేయండి. గ్లేజు (పైన మెరిసే పూత) మీద చిన్న చుక్క బయటి వైపుంటే నాకేం అభ్యంతరం లేదు, నీళ్లు నిలిచే చోటుంటే మాత్రం వద్దు, మురికి అక్కడే పడుతుంది. కమోడ్ నీళ్లు నేలలోకి పోవాలా గోడలోకా, గోడ నుంచి ఆ కంత మధ్యకి ఎంత దూరం, ఇవి టైల్స్ వేశాక ఉండే గోడ నుంచి కొలవండి. నేను టైల్స్ వేయకముందు కొలిచి, ట్యాంకు వెనక చోటు చాలక, కొన్న కమోడ్ తిరిగిచ్చి ఇంకోటి తెచ్చుకున్నాను. సీటు ఆకారం కూడా చూసుకోండి, విచిత్రమైన ఆకారమైతే విరిగినప్పుడు అలాంటిది దొరకదు.

బేసిన్ కింద అల్మరా దగ్గరికి వస్తే, చెక్కపొట్టు జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు పేరెత్తకండి. నీళ్లు తగిలితే మరమరాల్లా ఉబ్బుతుంది. మెరైన్ ప్లైవుడ్ లేదా పీవీసీ బోర్డుతో చేసినవి తీసుకోండి. తలుపు నునుపు చూసి మురిసిపోకుండా పైపుల కోసం కోసిన కంత అంచు తడిమి చూడండి, అక్కడ బోర్డు పచ్చిగా వదిలేసి ఉంటుంది, చెమ్మ లోపలికి దూరేది అక్కడినుంచే. ఆ అంచుకి నేనే రెండు పూతలు వార్నిష్ వేశాను, అరగంట పని. అల్మరాని గోడకే బిగించి నేలకి ఆనకుండా ఉంచితే కింద తుడుచుకోవచ్చు, అల్మరా కాళ్లు నీళ్లలో నానే బాధ ఉండదు.

ఎవరో వద్దనుకున్న గట్టి టేకు బల్ల దొరికితే దాన్నే బేసిన్ కింద పెట్టుకోవచ్చు. నాకు దొరికింది, కానీ తలుపు తెరిస్తే దానికి తగిలేది, మనసు రాయి చేసుకుని వదిలేశాను.

అద్దాన్ని సిలికాన్‌తో గోడకి అతికించేట్టయితే ట్యూబు మీద న్యూట్రల్ అని ఉందో లేదో చూడండి. వెనిగర్ వాసన వచ్చే రకం అద్దం వెనక వెండి పూతని తినేస్తుంది, కొన్నాళ్లకి నల్ల మచ్చలొస్తాయి. మా పాత అద్దానికి వచ్చినవి తేమ వల్ల అనుకుని దాన్ని రోజూ పొడిగుడ్డతో తుడిచేవాణ్ణి.