ఫారం వెనక మనుషులు

క్వింటెన్ స్టీన్‌హుయిస్ అనే న్యాయవాది 2008 నుంచి 2020 దాకా బోస్టన్‌లో పేదలకు ఉచిత న్యాయసహాయం అందించే ఒక సంస్థలో పనిచేశారు. ఇల్లు ఖాళీ చేయమని నోటీసు అందుకున్న అద్దెదార్ల తరఫున వాదించడం ఆయనకు ఒక పనైతే, అదే కార్యాలయంలో కంప్యూటర్ల మంచిచెడ్డలు చూసుకోవడం రెండో పని. ఆ రెండూ ఒకే మనిషి మీద పడడం వల్లనే, వకీలు దొరకని అద్దెదారు సెల్‌ఫోన్‌లో ప్రశ్నలకు జవాబులు చెప్పుకుంటూ పోతే చివరికి కోర్టుకు ఇవ్వవలసిన సమాధానపత్రం తయారయ్యే ఏర్పాటు ఆయన చేతిలో రూపుదిద్దుకుంది. తరువాత ఆయన అదే నగరంలోని సఫొక్ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలకు చెందిన, న్యాయసేవల్లో సాంకేతికతను వాడే లిట్ ల్యాబ్‌లో చేరారు. ఆ ల్యాబ్‌ను నడిపించిన డేవిడ్ కొలరూసో ఒకప్పుడు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పిన మాస్టారు. ఆ తరువాత ప్రభుత్వ ఖర్చుతో నిందితుల తరఫున వాదించే న్యాయవాదిగానూ, కోర్టు లెక్కలు విశ్లేషించే డేటా నిపుణుడిగానూ పనిచేశారు. వీళ్లు వాడే డాకసెంబుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను రాసిన జొనథన్ పైల్ కూడా ఫిలడెల్ఫియాలో పేదల కేసులు చూసే న్యాయవాదే.

ఒడిశాలోని గజపతి జిల్లాలో పేరా లీగల్ వాలంటీరుగా, అంటే వకీలు కాకపోయినా పేదలకు న్యాయసహాయం అందేలా తోడ్పడే మనిషిగా, ఊళ్లు తిరిగే నాకు ఈ మనుషుల వివరాలే ఆసక్తి కలిగించాయి. అమెరికాలో నేరారోపణ ఎదుర్కొనే పేదవాడికి ప్రభుత్వమే వకీలును పెట్టాలని 1963లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది గాని, ఇల్లు పోయే కేసుకు, భరణం కేసుకు ఆ హక్కు దేశమంతటా లేదు. మనకు 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు, షెడ్యూల్డ్ కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. కాగితం మీద మనదే పైచేయి. కానీ ఆ వకీలు దగ్గరికి చేరేలోపు నింపవలసిన కాగితాల సంగతి మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఉదాహరణకు, మా జిల్లాలోని పర్లాకిమిడి అమ్మాయిని మహేంద్రతనయ నది అవతల, ఆంధ్రలో ఉన్న పాతపట్నం ఇచ్చారనుకుందాం. భర్త వదిలేస్తే పుట్టింటికి వచ్చేసింది. ఇలాంటి ఆడవాళ్లు నన్ను మొదట అడిగేది ఒక్కటే: "కేసు ఏ ఒడ్డున ఎయ్యాలి బాబూ?" భర్త ఆంధ్రలో ఉన్నాడు కాబట్టి అక్కడికే వెళ్లాలని ఊళ్లో పెద్దమనుషులు చెప్పేస్తారు. నిజానికి భార్య ఇప్పుడు నివసించే జిల్లాలో కూడా భరణం అర్జీ పెట్టుకోవచ్చని చట్టం స్పష్టంగా చెబుతోంది కనుక పర్లాకిమిడిలోనే వేసుకోవచ్చు. అడగవలసిన ప్రశ్న "మీరిప్పుడు ఎక్కడ ఉంటున్నారు?" అన్నది, దానికి వచ్చే జవాబును బట్టి తరువాతి ప్రశ్న మారుతుంది, అక్కర్లేనివి పక్కకు తప్పుకుంటాయి. డాకసెంబుల్ చేసే పని సరిగ్గా ఇదే.

అసలు చిక్కు అఫిడవిట్ దగ్గర వస్తుంది. రజనేశ్–నేహా కేసులో 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు వెల్లడిస్తూ ప్రమాణపత్రం దాఖలు చేయాలి. తీర్పు మంచిదే, దాని వల్ల ఆదాయం దాచిపెట్టే భర్తలకు ఇబ్బంది కలిగింది. అయితే అందులోని "నెలసరి ఆదాయం" అనే గడి జీడిపిక్కల పనికి వెళ్లే మనిషికి ఎలా నప్పుతుంది? అలవాటైన వాళ్లయితే సీజనులో రోజుకెంత వస్తుంది, ఎన్ని నెలలు పని దొరుకుతుంది, మిగతా రోజుల్లో ఎవరి దగ్గర తింటున్నావని విడగొట్టి అడుగుతారు. భర్త సంపాదన ఎంతని అడిగితే తెలియదంటుంది. ఆటో సొంతమా, ఫైనాన్సు వాయిదా నెలకెంత కట్టేవాడని అడిగితే టక్కున చెబుతుంది. ఇలాంటి ప్రశ్నలు ఏ ప్రోగ్రామరుకూ తట్టవు, అర్జీలు రాసే బల్ల ముందు ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లకే తడతాయి. పైగా ఇక్కడ ఫారం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది, జవాబు తెలుగులోనో, ఇక్కడి గిరిజనుల భాష సవరలోనో వస్తుంది.

2020 మార్చిలో కరోనా వల్ల మసాచుసెట్స్ కోర్టులు తలుపులు మూసినప్పుడు సఫొక్ బృందం స్వచ్ఛందంగా వచ్చినవాళ్లను కూడగట్టుకుని, గృహహింస నుంచి రక్షణ, ఇల్లు ఖాళీ చేయించడం వంటి అత్యవసర ఫారాలను ఒక్కొక్కటిగా ఫోన్‌లోకి తెచ్చింది. అంతకుముందు స్టాన్‌ఫర్డ్‌లో లీగల్ డిజైన్ ల్యాబ్ నడిపే మార్గరెట్ హేగన్ బృందంతో కలిసి లర్నెడ్ హ్యాండ్స్ అనే ఆన్‌లైన్ ఆట తయారుచేశారు. జనం తమ కష్టాన్ని సొంత మాటల్లో రాసుకున్న ప్రశ్నలను చదివి, అందులో ఏ చట్టపు సమస్య ఉందో ఆటగాళ్లు గుర్తుపట్టాలి. ఆ గుర్తులతో కంప్యూటరుకు శిక్షణ ఇస్తారు. (లర్నెడ్ హ్యాండ్ అన్నది అమెరికాలో పేరుమోసిన ఒక న్యాయమూర్తి అసలు పేరు. చమత్కారం బాగుంది.) "మా ఆయన గడప తొక్కనివ్వడం లేదు" అన్న మనిషికి భరణం కావాలో, గృహహింస చట్టం కింద ఆ ఇంట్లోనే ఉండే హక్కు కావాలో ఆమెకు తెలిసి ఉండనక్కర్లేదు, వినేవాళ్లకు తెలిస్తే చాలు. అరిజోనా విశ్వవిద్యాలయంలో స్టేసీ బట్లర్ 2018లో మొదలుపెట్టిన ఇన్నొవేషన్ ఫర్ జస్టిస్ మరో అడుగు వేసి, గృహహింస బాధితుల దగ్గర పనిచేసే, న్యాయవాదులు కాని వాళ్లకు శిక్షణ ఇచ్చి, పరిమితంగా చట్టసలహా చెప్పే అనుమతిని రాష్ట్ర సుప్రీంకోర్టు నుంచి సాధించింది. మాలాంటి వాలంటీర్లు అసూయపడే విషయం ఇది.

మనకు ఇలాంటి మనుషులు లేరనడానికి వీల్లేదు. ఇదే పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవరల దగ్గరే సవర నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. మా వైపు ల్యాబ్ అంటూ పెడితే కావలసినది అలాంటి ఓపిక ఉన్నవాళ్లు: కోర్టు ఆవరణలో అర్జీలు రాసే ముసలి గుమాస్తా, సవర మాట్లాడే అంగన్‌వాడీ కార్యకర్త, నాలుగు అక్షరాల కంప్యూటరు కోడు రాయగల ఇంజినీరింగు కుర్రవాడు. ప్రతి న్యాయ కళాశాలలోనూ న్యాయసహాయ కేంద్రం ఉండాలని బార్ కౌన్సిల్ 2008 నియమాలు చెబుతున్నాయి గాని, నేను చూసినంతలో ఆ పని బ్యానరు కట్టి, ఉపన్యాసం చెప్పి, ఫొటో దిగే శిబిరంతోనే ముగిసిపోతోంది. విద్యార్థులు ఒక సంవత్సరమంతా ఆ ఒక్క భరణం అఫిడవిట్‌నే ఫోన్‌లోకి తెచ్చే పని పట్టుకుని కూర్చుంటే చాలా మేలు జరుగుతుందని నా అభిప్రాయం.

అలాంటి ఫారం తయారుచేశాక దాన్ని చూసుకునే మనిషి కూడా కావాలి. 2024 జూలై 1న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి కొత్త సంహిత వచ్చినప్పుడు భరణానికి సంబంధించిన 125వ సెక్షన్ 144 అయింది. విద్యార్థులు చదువు ముగించుకుని వెళ్లిపోతారు. విశ్వవిద్యాలయం జీతమిచ్చి ఒకరిని అక్కడే ఉంచకపోతే, ఆ పాత నంబరు దిద్దేవాళ్లుండరు.