తప్పు తేలకముందే

"ఇంకా తప్పు తేలనే లేదంటివే, మరి ఈ శిక్షేందమ్మా?" అన్నాడు నాన్న. కందుకూరులో ఆయన పాలు పోసి వచ్చి కూర్చున్నాడు. ఇంగ్లండులో నాకింకా చీకటే.

ఒక నైట్ డ్యూటీలో మా వార్డులో ఒక పెద్దాయనకి ఇన్సులిన్ రెండుసార్లు పడింది. మొదటి డోసు చార్టులో ఎక్కలేదు. ఖాళీ గడి చూసి, ఎవరినీ అడక్కుండా నేను ఇచ్చాను. షుగర్ పడిపోయింది, గ్లూకోజు పెట్టారు, కోలుకున్నారు. విషయం నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్‌కి వెళ్లింది. బ్రిటన్‌లో నర్సుల రిజిస్టర్ వాళ్ల చేతిలోనే ఉంటుంది.

విచారణకి చాలా కాలం పడుతుంది. అందాకా పేషెంట్లకి ప్రమాదం ఉందా అన్నదే ముందు కౌన్సిల్ ప్యానెల్ చూస్తుంది, ఎవరిది తప్పో తేల్చదు. ప్రమాదం ఉందనుకుంటే షరతులు పెడుతుంది, లేదా సస్పెండ్ చేస్తుంది. ఆ ఉత్తర్వు 18 నెలలు దాటకూడదు. దాటాలంటే కౌన్సిల్ హైకోర్టుకి వెళ్లాలి. 6 నెలల్లోపు మొదటి రివ్యూ జరగాలి.

ఇదంతా నాన్నకి ఎలా చెప్పను? సస్పెండ్ అంటే మా ఊళ్లో డబ్బు తిన్నవాడని అర్థం.

నిజానికి నేను భయపడింది సస్పెన్షన్‌కే. నా వీసా హాస్పిటల్ స్పాన్సర్‌షిప్ మీద నడుస్తోంది. ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి. సస్పెన్షన్‌లో ఉన్న నర్సుని అంత త్వరగా ఎవరు తీసుకుంటారు? ఆ టెన్షన్‌తో హియరింగ్‌కి వెళ్లొద్దనుకున్నాను. వెళ్లకపోయినా వాళ్లు నిర్ణయం తీసుకోవచ్చని యూనియన్ లాయరమ్మ గట్టిగా చెప్పింది. మళ్లీ ట్రైనింగ్ చేసిన సర్టిఫికెట్లు, వార్డు మేనేజర్ లెటరు పట్టుకుని కూర్చున్నాను. షరతులతో సరిపెట్టారు: పక్కన ఇంకో నర్సు లేకుండా మందులు ఇవ్వకూడదు, షిఫ్టుకి ఒంటరిగా ఇన్‌చార్జిగా ఉండకూడదు, నర్సుల్ని తాత్కాలికంగా పంపే ఏజెన్సీల తరఫున డ్యూటీలు చేయకూడదు.

ఆ షరతులు నా పేరు పక్కనే ఆన్‌లైన్ రిజిస్టర్‌లో ఎవరికైనా కనిపిస్తాయి. కావలి నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి కూడా చూసింది. ఆమె ముందు మందుల ట్రాలీ తోస్తూ, నా పక్కన ఇంకొకరు నిలబడితే తల ఎత్తలేకపోయాను. "అక్కా, నేను నిలబడనా?" అని తనే వచ్చింది. ఆ మాట మర్చిపోలేను.

ఆ మంచం మీద మా అమ్మే ఉంటే నేనూ ఇలాంటి జాగ్రత్తే కోరేదాన్ని. అందుకే షరతుల మీద నాకు కోపం లేదు. కోపమల్లా విచారణ సాగదీయడం మీదే. సస్పెన్షన్‌లో ఇంట్లో కూర్చున్నవాళ్లకి ప్రతి నెలా అద్దె కట్టాల్సిందేగా.

మొన్న 6 నెలల రివ్యూలో మందుల షరతు తీసేశారు. మిగతావి ఉన్నాయి.

"అయితే సగం వదిలారన్నమాట" అన్నాడు నాన్న.

అవును నాన్నా, సగమే.