తురియాల్బాలో నివాస అనుమతి: నా అనుభవం

మధ్య అమెరికా దేశమైన కోస్టారికాలో చెరకు, కాఫీ తోటల మధ్య ఉన్న తురియాల్బా పట్టణంలో మేము కాపురం పెట్టి కొంతకాలమైంది. రాజధాని సాన్ హొసే ఇక్కడికి బస్సులో సుమారు రెండు గంటల దూరం. ఊళ్లో అద్దె ఇల్లు సులువుగానే దొరికింది కాని, నివాస అనుమతి కోసం మూడు దేశాల కార్యాలయాల మీద ఆధారపడవలసి వచ్చింది.

స్థానిక ఉద్యోగం, జీవితకాల పింఛను లేనివారికి ఇక్కడ ‘రెంటిస్టా’ అనే మార్గం ఉంది. నెలకు 2,500 డాలర్ల చొప్పున రెండేళ్లపాటు ఆదాయం వస్తుందని బ్యాంకు ద్వారా చూపాలి. చాలామంది చేసినట్లే నేనూ 60,000 డాలర్లు ఇక్కడి బ్యాంకులో జమచేసి, నెలనెలా విడుదలయ్యే ఏర్పాటు చేసుకున్నాను.

అసలు శ్రమ పత్రాల దగ్గరే. చాలా ఏళ్లు అమెరికాలో ఉన్నందున నేర చరిత్ర లేదన్న పత్రం ఎఫ్‌బీఐ నుంచి తెచ్చుకుని, దానికి అక్కడి విదేశాంగ శాఖ అపొస్టిల్ ముద్ర (పత్రం అసలైనదేనని ఇతర దేశాలు ఒప్పుకునే ధ్రువీకరణ) వేయించాను. జనన ధ్రువపత్రం మాత్రం ఆంధ్రప్రదేశ్ నుంచి రావాలి. పాత చేతిరాత రిజిస్టరులో పేరు గడి ఖాళీగా ఉండటంతో, మా బావమరిది నా పదో తరగతి సర్టిఫికెట్ పట్టుకుని మున్సిపల్ కార్యాలయం చుట్టూ తిరిగి పేరు నమోదు చేయించి, రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ తర్వాత ఢిల్లీలో అపొస్టిల్ చేయించి పంపాడు. ఎఫ్‌బీఐ పత్రం త్వరగా పాతబడిపోతుంది కనుక జనన పత్రం చేతికొచ్చే దశలోనే దానికి దరఖాస్తు చేయడం మేలు. ఆంగ్లంలో ఉన్న ఈ రెండింటినీ ప్రభుత్వ గుర్తింపు పొందిన అనువాదకుడే స్పానిష్‌లోకి మార్చాలి.

ఇక పేర్ల సంగతి. ఇక్కడ ప్రతి మనిషికీ తండ్రి ఇంటిపేరు, తల్లి పుట్టింటిపేరు రెండూ ఉంటాయి. మా అమ్మ పేరు జనన పత్రంలో ఒక్క మాటగా, పాస్‌పోర్టులో నాన్నగారి ఇంటిపేరుతో కలిపి ఉంది; పుట్టింటిపేరు రెండింటిలోనూ లేదు. మా వకీలు దరఖాస్తులో ‘జాతీయత రీత్యా ఒకే ఇంటిపేరు గల వ్యక్తి’ అనే అర్థం వచ్చే, ఇక్కడి పత్రాల్లో మామూలుగా కనిపించే వాక్యం రాసి ఆ చిక్కు విడదీశారు. చిరునామా కూడా చర్చి నుంచి ఇన్ని మీటర్లు దక్షిణం అన్న పద్ధతిలోనే రాయాలి. రామాలయం వెనక సందు అని చెప్పుకునే మనకు అది పెద్ద వింత కాదు.

సాన్ హొసేలో వేలిముద్రలు ఇచ్చి, ఫైలు దాఖలు చేసి, రసీదు తీసుకున్నాక నెలల తరబడి నిరీక్షణే. ఆమోదం వచ్చాక ‘కాహా’ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాలో చేరి నెలవారీ చందా కట్టడం మొదలుపెట్టిన తర్వాతే ‘డిమెక్స్’ అనే నివాస కార్డు చేతికి వస్తుంది. ఆ చందా భారమనిపించినా, ఊళ్లోని ప్రభుత్వ ఆసుపత్రికి మేమూ అందరితోపాటు వెళ్లగలుగుతున్నాం.

కార్డు పునరుద్ధరణకు నెలకు 2,500 డాలర్లు ఇక్కడి కరెన్సీ అయిన కొలోన్లలోకి మార్చుకున్నట్లు రుజువు అడుగుతారు కాబట్టి, బ్యాంకు రసీదులన్నీ తేదీల వరుసలో భద్రపరుస్తున్నాను.