పిగ్ లాటిన్‌లో బస్తా విప్పుడు: మార్కెట్ ధరల ఫైలు

పిగ్ లాటిన్ అంటే పెద్ద డేటా ఫైళ్లను వడబోసి, గ్రూపులు కట్టడానికి వాడే అపాచీ పిగ్ భాష.

మొదటి రోజు. ఫైల్లో నాలుగు కాలమ్‌లు: తేదీ, మార్కెట్, పంట, క్వింటా ధర. క్లస్టర్ (కలిసి పనిచేసే చాలా కంప్యూటర్లు) అక్కర్లేదు, ఒకే కంప్యూటర్‌లో నడిచే లోకల్ మోడ్ చాలు. పరీక్షకు చేత్తో కొట్టినవి 9 వరుసలు: ఎనుమాముల పత్తి 4, జమ్మికుంట పత్తి 3, పరకాల మక్కలు 2. లోడ్ దగ్గరే దెబ్బ పడింది. కోట్స్‌లో ఉన్న "7,150" కామా దగ్గర రెండు ముక్కలైంది, ఎందుకంటే ఫైలు చదివే పిగ్‌స్టోరేజ్ కోట్స్‌ను పట్టించుకోదు. కామాలు తీసేసి ట్యాబ్‌తో సేవ్ చేస్తే సరి. పిగ్‌స్టోరేజ్ డిఫాల్ట్ ట్యాబే.

రెండో రోజు. మార్కెట్, పంట రెంటి మీద గ్రూప్. డిస్క్రైబ్ (కాలమ్‌ల నిర్మాణం చూపే ఆదేశం) కొడితే రెండే కాలమ్‌లు కనబడతాయి: 'గ్రూప్' అనే టపుల్ (కొన్ని విలువలు వరసగా పెట్టిన కట్ట), పాత వరుసలన్నీ కట్టిన బ్యాగ్. యార్డు భాషలో బస్తా అన్నమాట. ఇక్కడే అందరూ తికమకపడేది. విప్పే మాట ఫ్లాటెన్. అది టపుల్‌ను విప్పితే కాలమ్‌లు పెరుగుతాయి, బ్యాగ్‌ను విప్పితే వరుసలు పెరుగుతాయి. మాట ఒకటే, పని రెండు. గ్రూప్‌ను విప్పడం మరిస్తే అవుట్‌పుట్‌లో (ఎనుమాముల,పత్తి) అని బ్రాకెట్లతోనే పడుతుంది.

బ్యాగ్‌ను ఉన్నదున్నట్టు విప్పితే మళ్లీ అవే 9 వరుసలు, గ్రూప్ చేసిన కష్టం దండుగ. ఫోర్‌ఈచ్ (ప్రతి గ్రూపుకూ ఒకసారి నడిచేది) లోపలే ధర మీద ఆర్డర్ డిసెండింగ్ (పెద్దది ముందు), లిమిట్ 2 (మొదటి రెండే) పెట్టి, ఆ తర్వాత విప్పాలి. 6 వరుసలొచ్చాయి. పక్కనే ఏవరేజ్ కూడా జెనరేట్ చేస్తే ప్రతి వరుస పక్కన దాని గ్రూపు సగటు వచ్చి కూర్చుంటుంది. నిజానికి ఫ్లాటెన్ అసలు ఉపయోగం ఇదే.

మూడో రోజు. లోపల 'ధర 7000 పైన' అని ఫిల్టర్ పెట్టగానే పరకాల మక్కలు మాయం. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. ఖాళీ బ్యాగ్‌ను విప్పితే సున్నా వరుసలు, దాంతో పక్కనున్న గ్రూప్ పేరు కూడా పోతుంది. ఈజ్‌ఎంప్టీతో చూసి, ఖాళీ అయితే నల్స్ (ఖాళీ విలువలు) ఉన్న ఒక టపుల్ బ్యాగ్‌ను ఇవ్వాలి. కాలమ్‌ల లెక్క, టైపులు అసలు బ్యాగ్‌కూ ఈ నల్స్ బ్యాగ్‌కూ ఒక్కటే ఉండాలి.

నాలుగో రోజు. మార్కెట్‌కు వచ్చిన సరుకు క్వింటాళ్లున్న రాబడి ఫైలుతో కోగ్రూప్ (రెండు ఫైళ్లనూ కలిపి గ్రూప్ చేయడం), మార్కెట్ మీద. రెండు బ్యాగ్‌లూ ఒకే జెనరేట్‌లో (అవుట్‌పుట్ కాలమ్‌లు ఇచ్చే లైన్లో) విప్పితే ఎనుమాములకు 4 ధరలు, 3 రాబడులు కలిసి 12 వరుసలయ్యాయి. ఆ తర్వాత క్వింటాళ్లు కూడితే అసలుకు నాలుగింతలు! రాబడిని బ్యాగ్‌లో ఉండగానే సమ్ చేసి, ధరలనొక్కటే విప్పాలి.

రెండు బ్యాగ్‌లూ విప్పితే మాత్రం, రెండు ఫైళ్లలోనూ ఉన్న 'తేదీ' ఏదో పిగ్‌కు తెలియక ఆగిపోతుంది. 'ధరలు::తేదీ' అని పూర్తి పేరు రాయాలి, లేదా జెనరేట్‌లోనే ఆజ్ (AS)తో కొత్త పేరు పెట్టాలి. రెండోసారి నడిపేముందు పాత అవుట్‌పుట్ ఫోల్డర్ తీసేయాలి. అది ఉంటే స్టోర్ (ఫలితాన్ని సేవ్ చేసే ఆదేశం) నడవదు.