విమానంలో ట్రెక్కింగ్ సామాను: బూట్లు మాత్రం కాళ్లకే

కొన్నేళ్ల క్రితం ఐదు రోజుల కొండ నడక కోసం రెండు విమానాలు మారి వెళ్లాను. చివరి విమానాశ్రయంలో సామాను బెల్టు ఖాళీ అయ్యేదాకా నిలబడినా నా బ్యాగు రాలేదు. అది రెండు రోజుల తరువాత క్షేమంగానే చేరింది గాని, అప్పటికే నేను ఆ ఊళ్లో కొన్న కొత్త బూట్లతో నడక మొదలుపెట్టాను. మొదటి రోజు సాయంత్రానికే రెండు మడమల మీదా బొబ్బలు లేచాయి, మూడో రోజు మధ్యాహ్నం వెనక్కి తిరగక తప్పలేదు. ఏడాదిపాటు ఎదురుచూసిన దారి అది. నా పాదాలకు అలవాటుపడిన బూట్లను చెకిన్ బ్యాగులో వేసి పంపడం నా పొరపాటే.

అప్పటినుంచి సామాను సర్దేటప్పుడు ప్రతి వస్తువు గురించీ ఒకే ప్రశ్న వేసుకుంటున్నాను: ఇది రాకపోతే నడక మొదలయ్యే చోట ఇలాంటిది మరొకటి దొరుకుతుందా? వస్తువు ఖరీదును బట్టి కాక ఈ ప్రశ్నను బట్టి సర్దితే చాలా చిక్కులు తీరుతాయి. బూట్లు కాళ్లకే ఉంటాయి. వానకోటు, వెచ్చని జాకెట్టు ఒంటి మీదో చేతిలోనో ఉంటాయి, దానివల్ల క్యాబిన్ బ్యాగు బరువు కూడా పరిమితికి లోబడి ఉంటుంది. రోజూ వేసుకునే మందులు, కళ్లద్దాలు, ఒక జత నడక బట్టలు, చోటుంటే స్లీపింగ్ బ్యాగు నాతోపాటు క్యాబిన్‌లోకి వస్తాయి. నీటిని వడకట్టే ఫిల్టరును కూడా నేను చేతి సంచిలోనే పెట్టుకుంటాను, ఎందుకంటే సన్నని గొట్టాల పోచలతో చేసిన ఫిల్టరు ఒకసారి వాడిన తరువాత గడ్డకడితే లోపలి పోచలు చిట్లిపోతాయి. ఆ చిట్లడం పైకి కనిపించదు. చలికాలంలో రన్‌వే పక్కన బండి మీద గంటలకొద్దీ పడి ఉండే సామాను మధ్య దాన్ని వదలడం నాకు ఇష్టం ఉండదు.

బ్యాటరీల విషయంలో మన ఇష్టానికి చోటు లేదు. పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు క్యాబిన్‌లోనే ఉండాలి, చెకిన్ బ్యాగులో ఉండకూడదు. లిథియం బ్యాటరీ లోపల వేడి తనంతట తాను పెరుగుతూ పోయే స్థితి ఒకసారి మొదలైతే, సామాను గదిలో మంటలార్పే హాలోన్ వాయువు పైకి కనిపించే మంటను అణచగలదు గాని బ్యాటరీలో జరుగుతున్న ఆ చర్యను ఆపలేదు. అదే క్యాబిన్‌లో అయితే పొగ వెంటనే ఎవరి కంటైనా పడుతుంది, సిబ్బంది నీళ్లు పోసి చల్లార్చగలుగుతారు. సామర్థ్యం 100 వాట్-అవర్లు దాటనంతవరకు సాధారణంగా ముందస్తు అనుమతి అక్కరలేదు. 100 నుంచి 160 మధ్య ఉన్నవాటికి విమాన సంస్థ ఒప్పుకోవాలి, అవీ రెండుకు మించకూడదు. 160 దాటినవాటిని ప్రయాణికులు తీసుకెళ్లడానికి వీల్లేదు. పవర్ బ్యాంకు మీద మిల్లీ ఆంపియర్ అవర్లు మాత్రమే రాసి ఉంటే ఆ సంఖ్యను 1,000తో భాగించి, లోపలి బ్యాటరీ వోల్టేజీతో, అంటే చాలావాటిలో 3.7తో, గుణించాలి. ఆ లెక్కన 20,000 అని రాసి ఉన్నది 74 వాట్-అవర్లు అవుతుంది. ఎన్ని తీసుకెళ్లవచ్చు, విమానంలో వాడవచ్చా అనే విషయంలో కొన్ని సంస్థల షరతులు ఇంకా కఠినంగా ఉంటాయి కనుక బయలుదేరే వారంలో మరోసారి చూసుకోవడం మంచిది. హెడ్‌ల్యాంపు బ్యాగు ఒరిపిడికి దానంతట అదే వెలగకుండా బ్యాటరీలు తీసి ఉంచాలి, లేదా దాని మీట నొక్కుడు పడకుండా లాక్ చేయాలి. ఆపదలో ఉపగ్రహం ద్వారా సంకేతం పంపే పరికరాన్నయితే నేను చేతి సంచి దాటనివ్వను. అది పొరపాటున నొక్కుకుపోతే ఎక్కడో ఒక రక్షణ బృందం లేనిపోని వెతుకులాటకు బయలుదేరవలసి వస్తుంది.

ఇంధనం దగ్గర చాలామంది చేసే తప్పు, సగం వాడిన గ్యాస్ డబ్బాను అలవాటుగా సామానుతోపాటే సర్దేయడం. నిండుగా ఉన్నా కొంచెమే మిగిలినా స్టవ్ గ్యాస్ డబ్బాలు క్యాబిన్‌లోనూ కుదరవు, చెకిన్‌లోనూ కుదరవు. అందుకే టికెట్టు కొనేటప్పుడే, నడక మొదలయ్యే చోట మన స్టవ్‌కు సరిపోయే మర ఉన్న డబ్బా దొరుకుతుందో లేదో కనుక్కోవాలి. కొన్ని ప్రాంతాల్లో మర లేకుండా గుచ్చి వాడే డబ్బాలో, నొక్కి బిగించేవో మాత్రమే ఉంటాయి. గ్యాస్ స్టవ్ తల శుభ్రంగా ఉంటే దానితో ఇబ్బంది తక్కువ. పెట్రోలు, కిరోసిను లాంటి ద్రవ ఇంధనంతో నడిచే స్టవ్ సంగతి వేరు. దాన్ని విమాన సంస్థ ముందుగా ఒప్పుకుంటేనే, చెకిన్ బ్యాగులోనే తీసుకెళ్లాలి. అంతర్జాతీయ నియమాల్లో చెప్పిన పద్ధతి ప్రకారం ఇంధనపు ట్యాంకును ఖాళీ చేసి కనీసం 1 గంట పూర్తిగా వడియనిచ్చి, తరువాత మూత తీసి కనీసం 6 గంటలు ఆరబెట్టి, పీల్చుకునే కాగితంలో చుట్టి పాలిథిన్ సంచిలో కట్టాలి. ఇంత చేసినా వాసన తగిలితే కౌంటరు దగ్గర ఆపేసే హక్కు వారికి ఉంది. ఒకసారి నా కళ్ల ముందే ఒక తోటి ప్రయాణికుడి స్టవ్‌ను అలాగే పక్కన పెట్టేశారు. పైపైన తుడిచిన ఇంధన సీసా మూత తీయగానే వాసన గుప్పుమంది, వాళ్లను తప్పుపట్టడానికి నాకు కారణం కనిపించలేదు. ఎలుగుబంట్లను తరిమేందుకు వాడే మిరపకారపు స్ప్రేను ఏ బ్యాగులోనూ పెట్టకూడదు, అవసరమైన చోట దిగాకే కొనుక్కోవాలి. లైటరు ఒకటి గాని చిన్న అగ్గిపెట్టె ఒకటి గాని ఒంటి మీద ఉంచుకోనిస్తారు, బ్యాగుల్లో మాత్రం కాదు. కొన్ని దేశాల్లో దానికీ అనుమతి లేదు.

కత్తి, మంచుగొడ్డలి, టెంటు మేకులు, బూట్లకు బిగించే మంచు ముళ్లు చెకిన్‌లోకే వెళ్లాలి. ట్రెక్కింగ్ కర్రలను చాలా చోట్ల క్యాబిన్‌లోకి రానివ్వరు గనుక అవీ అక్కడే. కార్బన్‌తో చేసిన కర్ర నిలువుగా చాలా బరువు మోస్తుంది గాని పక్కనుంచి పడే దెబ్బకు చిట్లుతుంది. అందుకని వాటిని ముక్కలుగా విడదీసి, మొనలకు రబ్బరు తొడుగులు వేసి, చుట్టిన పరుపు మధ్యలో దూర్చి బ్యాగు వెన్నుబద్దల పక్కన నిలువుగా పెడతాను. టెంటు బట్టను క్యాబిన్‌లోనూ మేకులను చెకిన్‌లోనూ విడదీసి పెట్టమని కొందరు సలహా ఇస్తారు. నాకది నచ్చదు. ఏ సగం పోయినా మిగతా సగం రాత్రికి అక్కరకు రాదు, కాబట్టి టెంటును మొత్తంగా చెకిన్‌లోనే ఉంచుతాను.

చెకిన్‌కు ఇచ్చే ట్రెక్కింగ్ బ్యాగుకు అసలు శత్రువు దాని పట్టీలే. వేలాడే పట్టీ విమానాశ్రయపు సామాను బెల్టుల మధ్య ఇరుక్కుంటే పట్టీ తెగుతుంది, లేదా నడుము బకిల్ విరుగుతుంది. బకిల్ విరిగిన బ్యాగు బరువంతా భుజాల మీదే పడుతుంది. నడుము పట్టీని వెనక్కి తిప్పి బ్యాగు చుట్టూ బిగించి, మిగిలిన కొసలను మడిచి లోపలికి దోపి, మొత్తాన్ని తేలికైన పెద్ద గుడ్డసంచిలో పెట్టి జిప్పు వేయడం నేను చూసిన పద్ధతుల్లో అన్నిటికన్నా నమ్మదగినది. వానతొడుగు ఒక్కటే అయితే దారిలోనే ఊడిపోతుంది. పేరు, ఫోను నంబరు ఉన్న చీటీ బయట ఒకటి, లోపల ఒకటి ఉండాలి. సర్దేముందు అన్నిటినీ నేల మీద పరిచి ఫోటో తీసుకుంటే తరువాత జాబితా రాయవలసి వచ్చినప్పుడు ఏదీ మరిచిపోము.

విమానం పైన ఉన్నప్పుడు లోపలి గాలి పీడనం సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉండేంతకు తగ్గవచ్చు. గాలి చిక్కుకున్న సన్‌స్క్రీన్ ట్యూబులు కారేది ఇందుకే కాబట్టి, గాలి నొక్కేసి మూత బిగించి విడి సంచిలో పెట్టాలి. ఊదుకునే పరుపు కవాటాన్ని తెరిచి ఉంచితే చాలు.

మట్టి సంగతిని తేలికగా తీసుకోకూడదు. వాడిన బూట్లను, టెంటును, కర్రలను వెంట తెస్తున్నట్టు న్యూజిలాండ్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ దిగేటప్పుడు తప్పక ప్రకటించాలి. న్యూజిలాండ్‌లో కౌరి చెట్లను చంపుతున్న ఫైటోఫ్తొరా అనే సూక్ష్మజీవి మట్టి ద్వారానే వ్యాపిస్తోంది, చిటికెడు బురద చాలు. బయలుదేరే ముందు బూటు అడుగు గాళ్లను పాత పళ్ల బ్రష్షుతో కడిగి, టెంటు మూలల్లో చిక్కుకున్న గడ్డి విత్తనాలను ఏరి, పూర్తిగా ఆరాకే సర్దుతాను. మనం నడవడానికి ఇష్టపడి వెళ్లే అడవికి మనమే రోగం మోసుకెళ్లడం నాకు భరించలేని ఆలోచన.

బ్యాగు రాకపోతే, లేదా దెబ్బతిని వస్తే, విమానాశ్రయం దాటకముందే ఫిర్యాదు రాయించి దాని నంబరు తీసుకోవాలి. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తించే అంతర్జాతీయ ప్రయాణాల్లో నష్టం జరిగితే సామాను అందినప్పటి నుంచి 7 రోజుల్లోగా, ఆలస్యమైతే అది మన చేతికి వచ్చినప్పటి నుంచి 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 2024 డిసెంబరు 28 నుంచి పరిహారపు గరిష్ఠ పరిమితి ఒక్కో ప్రయాణికుడికి 1,519 స్పెషల్ డ్రాయింగ్ రైట్స్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి విలువ కట్టే లెక్క యూనిట్లు). అయినా ఏ పరిహారమూ పోయిన నడక రోజును తిరిగి ఇవ్వదు గనుక, ఇప్పుడు నేను విమానం దిగే రోజుకూ నడక మొదలుపెట్టే రోజుకూ మధ్య ఒక పూర్తి రోజును ఖాళీగా ఉంచుకుంటున్నాను. గ్యాస్ డబ్బా కొనడం ఆ రోజు పనే. తిరిగి వచ్చేటప్పుడు అందులో మిగిలిన గ్యాస్‌ను, మరునాడు నడక మొదలుపెట్టబోయేవారు ఎవరైనా బసలో కనిపిస్తే, ఎంత మిగిలిందో చెప్పి వారి చేతికిస్తాను.